ఉప్పు చూసి చెప్పండి

మీ ఇంట్లో కూరలో ఉప్పు చూసేదెవరు?

నన్నడిగితే, వండినావిడ మాత్రం కాదంటాను. నైవేద్యానికి వండేటప్పుడు ఎలాగూ చూడకూడదు, ఎంగిలవుతుంది. మామూలు రోజుల్లో చూసినా అంత లాభం ఉండదు. గంటసేపు పొయ్యి దగ్గర నిలబడి, పోపు ఘాటు పీల్చి పీల్చి, మధ్యమధ్య నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుని, చివరికి ఉప్పేదో కారమేదో తెలియని స్థితికొస్తాం. అప్పుడే వీధిలోంచి వచ్చినవాళ్ళని పిలిచి, "కాస్త ఈ పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూద్దురూ" అంటాం. "కొంచెం తగ్గింది" అంటారు వాళ్ళు. చిటికెడు వేసి కలుపుతాం. అంతటితో సరి. "నా పులుసుకే వంక పెడతారా?" అని గరిటె పుచ్చుకుని మీదికి వెళ్ళం కదా!

మరి రాసిన కథ చేతికిచ్చి "ఎలా ఉంది?" అని అడిగినప్పుడు మాత్రం మనకేమవుతుందో నాకు అర్థం కాదు. అడిగేది అభిప్రాయం. కావలసింది హారతి. ఎదుటివాళ్ళు "బాగుంది గానీ..." అన్నారో, ఆ "గానీ" దగ్గరే మన చెవులు మూతపడతాయి. తర్వాత వాళ్ళేం చెప్పినా వినపడదు. "ఈవిడకేం తెలుసు, ఎప్పుడైనా నాలుగు ముక్కలు రాసిందా?" అనుకుంటాం. పులుసు రుచి చెప్పడానికి పులుసు కాయడం వచ్చి ఉండాలా చెప్పండి?

ఇదంతా పరాయివాళ్ళ సంగతి అనుకునేరు. నా సంగతే.

పెళ్ళయిన మూడో ఏట నేను మొదటి కథ రాశాను. పిల్లాణ్ణి నిద్రపుచ్చి, పాత లెక్కల పుస్తకంలో మిగిలిన కాగితాల మీద, పన్నెండు మధ్యాహ్నాలు రాశాను. ముందు మావారికి చూపించాను. ఆయన పేపరు మడవకుండానే ఒక చేత్తో అందుకుని, పేజీలు తిరగేసి, "బాగుందోయ్. కాఫీ ఉందా?" అన్నారు. ఆ "బాగుంది"కీ ఆ కాఫీకీ మధ్య ఊపిరి తీసుకున్నంత వ్యవధి కూడా లేదు. అయినా నాకు సంతోషమే వేసింది, అబద్ధమెందుకూ!

మా అత్తగారు చదువుకున్నది నాలుగో తరగతి. కానీ వినడంలో మహా దిట్ట. గుళ్ళో పురాణం చెప్పే శాస్త్రిగారు ఒక ఘట్టం దాటేస్తే, మర్నాడు ప్రసాదం దగ్గర నిలబెట్టి "నిన్న ఫలానాది వదిలేశారేం?" అని అడిగే మనిషి. ఓ మధ్యాహ్నం గోంగూర వలుస్తూ, "ఏదో రాస్తున్నావుగా అమ్మాయ్, చదువు, వింటాను" అన్నారు. చదివాను.

కథ మా దొడ్డమ్మది. పదిహేడో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చి, తమ్ముళ్ళ సంసారాల్లో వంతులవారీగా వంట చేసి, ఊళ్ళో అందరి పురుళ్ళూ పోసి, అందరి ఊరగాయలూ కలిపి, తనకంటూ ఒక ట్రంకు పెట్టె తప్ప ఏమీ లేని మనిషి. నా కథలో ఆవిడ నూతి దగ్గర ఏడ్చింది. పొయ్యి దగ్గర ఏడ్చింది. తులసికోట దగ్గర దీపం పెడుతూ ఏడ్చింది. చదువుతూ చదువుతూ నాకే గొంతు పట్టుకుంది. తలెత్తి చూస్తే అత్తగారు గోంగూర కాడ చేత్తో పట్టుకుని ఆలోచిస్తున్నారు.

"బాగానే ఉందే. కానీ ఈవిడ ఒక్కసారైనా నవ్వలేదేం?"

"ఆవిడ బతుకులో నవ్వడానికేముందత్తయ్యా?"

"అది నాకెలా తెలుస్తుంది? నేను చూళ్ళేదు. నువ్వు చూశావుగా. ఎప్పుడూ నవ్వలేదా?"

అంతే. మళ్ళీ గోంగూర వలుచుకోసాగారు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కరుణరసం కాగుతుంటే నవ్వు కావాలిట ఈవిడకి! రెండు రోజులు ముభావంగా తిరిగాను. అడిగినదానికి మాత్రం సమాధానం చెప్పి ఊరుకున్నాను. మూడో రోజు రాత్రి నిద్ర పట్టక పడుకుని ఉంటే, ఎక్కణ్ణించొచ్చిందో, దొడ్డమ్మ అష్టాచెమ్మా ఆట జ్ఞాపకం వచ్చింది. గవ్వలు తనకి చాలకపోతే చీరకుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు వంగి, మోకాలితో ఒక గవ్వని తిప్పేసేది. మేం పట్టుకుంటే, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వేది. గుడికని చెప్పి పిల్లలందర్నీ వెంటేసుకుని మాట్నీకి తీసుకెళ్ళేది. పెత్తనం చేసే పెద్దమరిదిగారి దగ్గూ, గొంతూ, నడకా అచ్చు దింపేసేది. మా చిన్నతనంలో ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ నవ్విన మనిషి ఆవిడే.

మరి నా కథలోకి ఆ నవ్వెందుకు రాలేదు? మరిచిపోయానా? లేదు. అక్కర్లేదనిపించింది. చదివేవాళ్ళు ఏడవాలి, నన్ను మెచ్చుకోవాలి. దానికి దొడ్డమ్మ నవ్వు అడ్డు. దొడ్డమ్మ భర్తని విధి తీసుకుపోయింది. ఆవిడ నవ్వుని నేను తీసుకుపోయాను.

ఆ రాత్రి నాకో సంగతి తెలిసింది. అత్తగారు చూపించింది కథలో తప్పు కాదు. నాలో తప్పు. జాలిపడ్డాననుకుంటూ నేను ఒక మనిషికి అన్యాయం చేశాను. ఒంటరిగా కూర్చుని వందసార్లు దిద్దుకున్నా అది నాకు కనిపించేది కాదు. వాక్యాలు చక్కగా ఉంటే చాలు, లోపలి అబద్ధం మన కంటికి ఆనదు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

కథ తిరగరాశాను. ఒక వారపత్రికలో అచ్చయింది. పదిరోజులకి దొడ్డమ్మ దగ్గర్నించి కార్డు వచ్చింది. ఎదురింటి పిల్ల చేత చదివించుకుందిట. "గవ్వ తిప్పిన సంగతి లోకానికంతా చాటావు. ఇంక నాతో ఆటకి ఎవరొస్తారే?" అని రాయించింది. మొదట రాసిన కథే అచ్చయి ఉంటే ఆవిడ ఏం రాయించేది? ఏమీ రాయించేది కాదనుకుంటాను. పత్రిక మడిచి ట్రంకు పెట్టె అడుగున పెట్టేసేది.

ఇక్కడ ఒకటి గమనించారా? మా అత్తగారు "ఇలా మార్చు" అని ఒక్క ముక్క కూడా చెప్పలేదు. తనకి ఎక్కడ తక్కువైందో అది మాత్రం చెప్పారు. జాకెట్టు కుట్టించుకున్నప్పుడు మనమేం చేస్తాం? "చంక దగ్గర పట్టేస్తోందయ్యా" అని దర్జీకి చెబుతాం. ఏ కుట్టు విప్పాలో, ఎంత గుడ్డ వదలాలో అతని పని. పట్టేస్తోందన్న మాట మాత్రం ఎప్పుడూ నిజమే. తొడుక్కున్నది మనం కాబట్టి. కథ విన్నవాళ్ళు "ఇక్కడ విసుగొచ్చింది", "ఈ మనిషి మీద నమ్మకం కుదరలేదు" అంటే వాదించి లాభం లేదు. విసుగొచ్చిందంటే వచ్చిందన్నమాటే. దానికి మందేమిటన్నది మాత్రం రాసినవాళ్ళే వెతుక్కోవాలి.

గురజాడవారి కన్యాశుల్కం మనందరికీ తెలిసిందే. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. జనం మెచ్చుకున్నారు. ఇంకొకరైతే అక్కడితో చేతులు కడుక్కునేవారే. ఆయన 1909లో దాన్ని చాలా పెంచి, ఎంతో మార్చి, మళ్ళీ అచ్చువేశారు. ఇవాళ మనం చదువుకునేదీ, నవ్వుకునేదీ ఆ రెండోదే. మధ్యన పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళు గడిస్తే మన రాత మనకే పరాయివాళ్ళ రాతలా కనిపిస్తుందేమో. తప్పులు వాటంతటవే బయటపడతాయి. కానీ అందరికీ అంత ఓపికా, ఆయుర్దాయమూ ఉంటాయా? అందుకే పక్కింటివాళ్ళ కళ్ళు అరువు తెచ్చుకోవడం. పన్నెండేళ్ళు చేసే పనిని ఒక్కోసారి పక్కనున్నవాళ్ళు పది నిమిషాల్లో చేసిపెడతారు.

అవధానంలో నిషిద్ధాక్షరి అని ఒకటి ఉంటుంది, చూసే ఉంటారు. అవధానిగారు పద్యం ఎత్తుకోగానే, తర్వాత రాబోయే అక్షరం ఏదో పసిగట్టి పృచ్ఛకుడు "అది వద్దు" అంటాడు. అవధాని ఇంకో అక్షరం పట్టుకుంటాడు. దాని తర్వాతదీ వద్దంటాడు. చూసేవాళ్ళకి ఇదేం పేచీరా అనిపిస్తుంది. కానీ ఆ అడ్డంకులే లేకపోతే అవధాని నోటికి అలవాటైన మాటే వచ్చేది. వద్దనడం వల్ల తనకే తెలియని దారి తొక్కాడు. ఆ అడ్డు తగలడం శత్రుత్వం కాదు. పద్యం పూర్తయితే ముందు తలూపేదీ ఆ పృచ్ఛకుడే.

రవీంద్రనాథ్ టాగూరుకి అలాంటి పృచ్ఛకురాలు ఇంట్లోనే ఉండేది. వదినగారు కాదంబరీదేవి. ఆయన కుర్రతనంలో రాసిన పద్యాలు ఆవిడకి చూపించేవాడు. ఆవిడ తేలిగ్గా మెచ్చుకునే రకం కాదు. అప్పటి పెద్ద కవి బిహారీలాల్ చక్రవర్తిని తీసుకొచ్చి పక్కన నిలబెట్టి, ఆయనలా నువ్వెక్కడ రాస్తావని ఆటపట్టించేది. ఈ సంగతి టాగూరే చెప్పుకున్నాడు. 1884లో ఆవిడ పోయేనాటికి ఆయనకి ఇరవైమూడేళ్ళు నిండలేదు. ఆ తర్వాత కూడా పుస్తకాలు ఆవిడకే అంకితమిచ్చాడు. పొగిడినవాళ్ళు ఎంతమందో ఉండి ఉంటారు. జన్మంతా గుర్తు పెట్టుకున్నది మాత్రం, చాల్లేదన్న వదినని.

అయితే ఒక జాగ్రత్త. అయిదుగురు తోడికోడళ్ళున్న ఇంట్లో పులుసు సంగతి మీకు తెలుసుగా! ఒక్కొక్కరూ వచ్చి మూత తీసి, రెండోవాళ్ళు వేశారో లేదో చూడకుండా తలా చిటికెడు ఉప్పు వేసి వెళ్ళారుట. భోజనాల వేళకి అది పులుసు కాదు, సముద్రం. కథ కూడా అంతే. కనపడ్డవాళ్ళందరికీ చూపించి, అందరు చెప్పిందీ పాటిస్తే, చివరికి అందులో మన రుచి మిగలదు. ఒకరో ఇద్దరో చాలు. వాళ్ళకి మన మీద ప్రేమ ఉండాలి. ఆ ప్రేమకన్నా నిజం మీద ప్రేమ ఒక పిసరు ఎక్కువ ఉండాలి.

ఇంతకీ, ఇలా ఒకరు చెబితే దిద్దుకున్న రచన ఎవరిది? ఇదో ధర్మసందేహం.

ఇంగ్లీషు కవి టి. ఎస్. ఎలియట్ 1922లో 'ది వేస్ట్ లాండ్' ప్రచురించాడు. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడింది. 1971లో దాని చిత్తుప్రతి పుస్తకంగా వచ్చాక అసలు సంగతి లోకం కళ్ళారా చూసింది. స్నేహితుడు ఎజ్రా పౌండ్ పేజీలకి పేజీలు కొట్టిపారేశాడు. దాదాపు సగం ఎగిరిపోయింది. ఎలియట్ ఆ రుణం దాచుకోలేదు. 1925 నాటి సంపుటంలో ఆ కావ్యాన్ని పౌండ్‌కి అంకితమిస్తూ, తనకంటే గొప్ప పనివాడని రాసుకున్నాడు. బాగుంది. కానీ ఆ చిత్తుప్రతి అంచుల్లో ఇంకొకరి చేతిరాత కూడా ఉంది. ఆయన భార్య వివియెన్‌ది. కొన్నిచోట్ల మెచ్చుకుంది, కొన్నిచోట్ల దిద్దింది. సారా దుకాణంలో ఒకావిడ చెప్పే కబుర్లలో, పెళ్ళీ పిల్లల సంగతి తీసి దెప్పే మాట ఒకటుంది. అది ఆవిడ రాసిందే. ఆయన అలాగే ఉంచాడు. అంకితంలో మాత్రం పౌండ్ ఒక్కడే ఉన్నాడు. వివియెన్ చివరి సంవత్సరాలు మానసిక చికిత్సాలయంలో గడిపి 1947లో చనిపోయింది. ఆవిడ చేతిరాతని లోకం చదివింది ఆ తర్వాత ఇరవైనాలుగేళ్ళకి.

ఇది చదివినప్పుడు ఎలియట్ మీద కోపం వచ్చింది. వెంటనే నా మీదకే తిరిగింది. దొడ్డమ్మ కథ అచ్చయిన పత్రిక ఇంటికి వచ్చిన రోజు, అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నా పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. "నీ పేరేనే!" అన్నారు. అవునన్నాను. "మీరు అడగకపోతే ఈ కథ లేదత్తయ్యా" అని నోటి చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆవిడ ఏమీ ఆశించలేదు, నేను ఏమీ చెప్పలేదు. ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది. ఆ మాట ఇవాళ ఈ కాగితం మీద మొదటిసారి రాస్తున్నాను.

రచన రాసినవాళ్ళదే, సందేహం లేదు. చెప్పినదాంట్లో తీసుకునేదేదో, వదిలేదేదో తేల్చుకుని, రాత్రి నిద్ర మానుకుని తిరగరాసింది వాళ్ళే. కానీ రుణం రుణమే. "ఫలానావారు ఉప్పు చూసి చెప్పారు" అనడానికి నోరు రాకపోవడం మాత్రం చిన్నతనం.

ఇంతవరకూ వినడం గురించి చెప్పాను. కష్టమైన సగం ఇంకా మిగిలింది. చెప్పడం.

నా కథలు నాలుగు అచ్చయ్యాక, ఎదురువాటాలో ఉండే అమ్మాయి ఒక నోటుబుక్కు పట్టుకొచ్చింది. డిగ్రీ చదువుతోంది. "పిన్నిగారూ, నేనో కథ రాశాను. మీరు చదివి చెప్పాలి" అంది. ఆ వారం ఇంట్లో చుట్టాలు. తర్వాత వారం పిల్లల పరీక్షలు. నాలుగు పేజీలు చదివాను. భాష పచ్చిగా ఉంది, కథ నడక కుంటుతోంది. మిగతాది తర్వాత చూద్దామనుకున్నాను. ఇంతలో ఆ అమ్మాయి రానే వచ్చింది. ఆ మొహం చూశాక ఏం చెప్పడానికీ మనసొప్పలేదు. "చాలా బాగుందమ్మా. ముఖ్యంగా ముగింపు అద్భుతంగా ఉంది. రాస్తూ ఉండు" అన్నాను. ఆ పిల్ల నన్నో క్షణం చూసి, "థాంక్సండీ" అని పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. మనసు నొప్పించకుండా చెప్పానని తృప్తిగా ఫీలయ్యాను కూడా!

మొన్న వైశాఖంలో ఒక పెళ్ళిలో కనిపించింది. బ్యాంకులో ఆఫీసరు. ఇద్దరు పిల్లలు. ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంది. పాత కబుర్లన్నీ అయ్యాక, "ఏమ్మా, రాస్తున్నావా?" అన్నాను. నవ్వింది.

"లేదండీ. ఆ ఒక్కటే. అప్పుడు ముగింపు ఎలా ఇవ్వాలో తోచలేదు పిన్నిగారూ. ఆఖరి రెండు పేజీలూ ఖాళీగా వదిలేసి తెచ్చాను, మిమ్మల్ని అడుగుదామని."

సన్నాయి మోగుతూనే ఉంది. నాకు వినిపించలేదు.

ఆ అమ్మాయి మాటలో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేది. "ఫరవాలేదండీ, మీకప్పుడు ఎన్ని పనులో" అంది. నా తరపున సాకు కూడా తనే వెతికిపెట్టింది.

ఆ రోజు నుంచీ ఆలోచిస్తున్నాను. "బాగుంది" అన్నది ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా చెప్పే మాట అనుకుంటాం. నిజానికి ఎక్కువసార్లు అది మన సుఖం కోసం చెప్పే మాట. చదవక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు, చెడ్డవాళ్ళమవక్కర్లేదు. నేను ఆ నాలుగు పేజీల గురించి "ఇక్కడ నాకు కథ అర్థం కాలేదమ్మా" అని ఉంటే, ఆ పిల్ల ఏడ్చేదేమో. నాలా రెండు రోజులు ముభావంగా తిరిగేదేమో. మూడో రోజు రాత్రి ఏదో గుర్తొచ్చేదేమో. చదువురాని మా అత్తగారు నాకిచ్చిన మూడో రాత్రిని, నాలుగు కథలు అచ్చయిన నేను ఆ పిల్లకి ఇవ్వలేకపోయాను.

యథార్థవాది లోకవిరోధి అన్నారు, నిజమే. కానీ కటువుగా మాట్లాడేవాళ్ళందరూ యథార్థవాదులు కారు. "ఇదీ ఓ కథేనా?" అని విసిరికొట్టేవాళ్ళూ నాలాగే పూర్తిగా చదవనివాళ్ళే. విసిరికొట్టినా, వీపు తట్టినా, చదవకుండా చేస్తే రెండూ ఒకటే. ఒకరి రాత చదివి చెబుతానని ఒప్పుకున్నప్పుడు మనం బాకీపడేది పొగడ్తా కాదు, తెగడ్తా కాదు. శ్రద్ధ. ఆఖరి పేజీ దాకా శ్రద్ధ.

పెళ్ళి నుంచి వచ్చేముందు సిగ్గు విడిచి అడిగాను, ఆ నోటుబుక్కు ఇంకా ఉందా అని. ఉందిట. "ఎందుకండీ ఇప్పుడు?" అంది. "నువ్వు అప్పుడు అడిగావు, నేను ఇంకా చెప్పలేదు" అన్నాను. నా మొహంలోకి చూసింది, పాతికేళ్ళ క్రితం చూసినట్టే. సరే అనలేదు, కాదనలేదు.

నిన్న కొరియర్‌లో వచ్చింది. అట్ట పాతబడింది, కాగితాలు పసుపురంగుకి తిరిగాయి. ఆఖరి రెండు పేజీలూ ఖాళీగానే ఉన్నాయి. రెండుసార్లు చదివాను. భాష పచ్చిగానే ఉంది. కానీ ఏడో పేజీలో, పాలవాడి బాకీ లెక్క గోడ మీద రాసే తల్లి ఒకావిడ ఉంది. అచ్చయిన నా కథలన్నిటిలో అంత ప్రాణమున్న మనిషి లేదు. కథంతా అయ్యాక ఆవిడ ఏమైందో ఎక్కడా లేదు. ముగింపు ఆవిడ దగ్గరే ఉందేమోననిపించింది. అలా చెప్పేస్తే మళ్ళీ నా ఉప్పు వేసినట్టవుతుంది. అందుకని మా అత్తగారిలా అడుగుదామనుకుంటున్నాను.

ఇవాళ ఉదయం ఉత్తరం మొదలుపెట్టాను. "చిరంజీవి సౌభాగ్యవతికి" అని రాసి, కింద మొదటి వాక్యం రాశాను: "గోడ మీద లెక్కలు రాసే ఆవిడ తర్వాత ఏమైందమ్మా?"

ఇక్కడిదాకా రాసి, ఈ వ్యాసం మా కోడలికి చదవమని ఇచ్చాను. కూర తరుగుతూ చదువుతోంది. మధ్యలో ఎక్కడో కత్తిపీట ఆగింది. తలెత్తి, "బాగుందత్తయ్యా. గానీ..." అంది.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.